మైక్రానమ్మ కొలిచిన వంపు

మార్చి 9, ఆదివారం ఉదయం

ప్రియమైన వదినకి,

నీ ఆడపడుచు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీరంతా ఎలా ఉన్నారో నిన్న సాయంత్రమే ఫోన్లో అరగంట విన్నాను. అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందనీ, కళ్ళద్దాల దుకాణానికి కొత్త బోర్డు వచ్చిందనీ, దాని మీద అక్షరాలు అరంగుళం పక్కకి ఒరిగాయని నువ్వు పెయింటర్ని మళ్ళీ పిలిపించావనీ అన్నీ తెలుసు. ఇక్కడ అమ్మ బాగుంది. పొద్దున్నే నా బీరువా సర్ది, నాకు ఏ వస్తువూ దొరక్కుండా చేసి, ఇప్పుడు హాయిగా పేపరు చదువుకుంటోంది.

రోజూ మాట్లాడుకునేవాళ్ళకి ఉత్తరమేమిటని నవ్వకు. ఇరవై రెండేళ్ళుగా మనం ఫోన్లో అన్నీ మాట్లాడుకున్నాం, ఒక్క సంగతి తప్ప. అది నోటిదాకా వచ్చినప్పుడల్లా నువ్వు స్టవ్ మీద పాలు పొంగుతున్నాయనేదానివి, నేను ఎవరో తలుపు కొడుతున్నారనేదాన్ని. పాలూ పొంగలేదు, తలుపూ ఎవరూ కొట్టలేదు.

నిన్న నీతో మాట్లాడాక నీ కూతురు ఫోన్ తీసుకుంది కదా. అత్తా, పెళ్ళికి ముందు అమ్మ నీతోపాటు ల్యాబ్‌లో ఏం చేసేది అని అడిగింది. మీ అమ్మనే అడగవే అన్నాను. అడిగానత్తా, ఏదో గాజుముక్కలు తుడిచేదాన్నిలే అంది, అని చెప్పింది.  గాజుముక్కలు తుడిచేదానివా నువ్వు!

అందుకని నీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాను. నువ్వు చదివాక ఈ కాగితాలు దాని చేతికివ్వు. వాళ్ళమ్మ ఏం చేసేదో మేనత్త చెబుతోంది, వినమను.

దాని ఫోన్ తెరలోనూ, గోడ మీది గడియారం అంకెల్లోనూ ఒక పదార్థం ఉంటుంది. ద్రవ స్ఫటికం. నీళ్ళలా పారుతుంది, కానీ లోపలి అణువులన్నీ ఒకే దిక్కుకి తలపెట్టుకుని ఉంటాయి. అగ్గిపెట్టెలో పుల్లల్లా అనుకోమను. కాకపోతే ఈ పుల్లలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎక్కడికైనా జారిపోతాయి, దిక్కు మాత్రం తప్పవు. ఆ వరసని మూడు రకాలుగా చెడగొట్టొచ్చు. విసనకర్రలా విచ్చుకునేట్టు చెయ్యొచ్చు, తాడులా మెలిపెట్టొచ్చు, విల్లులా వంచొచ్చు. మూడింటికీ అది ఎదురు తిరుగుతుంది. ఎంత గట్టిగా ఎదురు తిరిగితే అంత దాని బింకం. పాఠం పుస్తకంలో స్థితిస్థాపకత అని నోరు తిరగని పేరుంటుంది. మనం వదిలేశాక అది ఎంత తొందరగా, ఎంత బద్ధకంగా వెనక్కి సర్దుకుంటుందో చూస్తే చిక్కదనం తెలుస్తుంది. ఈ రెండూ కొలవడమే మన పని.

ఆ బింకం ఎంతనుకున్నావే అని అడుగు దాన్ని. చీమ కరుచుకుపోయే పంచదార పలుకు బరువుని ఐదారు లక్షల వాటాలు వేస్తే, అందులో ఒక వాటా. అంత చిన్న మొండితనం! దాన్ని చేత్తో తాకలేం, తక్కెట్లో వెయ్యలేం. రెండు గాజుపలకల మధ్య తలవెంట్రుకలో ఏడో వంతు సందు వదిలి, అందులో ఒక బొట్టు నింపి, కరెంటు పెట్టి, అది ఏమంటుందో వినాలి.

ఆ రెండు పలకల కూర్పునే సెల్ అంటాం. కష్టమంతా అందులోనే ఉంది. లోపలి వైపు పూత పూసి, మఖమల్ గుడ్డతో ఒకే దిక్కుగా రుద్దాలి. మేమంతా ఇరవై సార్లని లెక్కపెట్టి రుద్దేవాళ్ళం. నువ్వు లెక్కపెట్టేదానివి కాదు. గుడ్డ చప్పుడు మారిందని ఆపేసేదానివి. ఆ చప్పుడు నా చెవికి ఏనాడూ వినబడలేదు. సందు అన్ని మూలలా సమానంగా లేదని పదింట్లో తొమ్మిది పారేసేదానివి. హాస్టల్ గదిలో దుప్పటి మడిచినా ఒక కన్ను మూసి అంచులు చూసేదానివి. అందుకే, మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్ మీద, నీకు మైక్రానమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది నేనే. ఆ సంగతి నీకు తెలుసనే అనుకుంటున్నాను.

మన పెద్దాయన గురించి పిల్లకి చెప్పాలి. మన గైడు. ఆయన గదిలోకి వెళ్ళేముందు మనం చెప్పులు సర్దుకుని, గొంతు సర్దుకుని, ఒకళ్ళనొకళ్ళు ముందుకి తోసుకునేవాళ్ళం. చెడ్డవారు కాదు. లోకంలో ఉన్న ద్రవ స్ఫటికాలన్నీ తనతో చెప్పే వంగుతాయని అనుకునేవారు, అంతే.

పక్క భవనంలో రసాయనాలు తయారుచేసే మాస్టారు చిన్న సీసాలో పసుపుపచ్చ పొడి పంపించారు, గుర్తుందా? ఆ పొడిలో అణువు తిన్నగా ఉండదు, మధ్యలో వంపు తిరిగి అరటిపండు ఆకారంలో ఉంటుంది. తిన్నని అణువులన్నిటికీ అప్పటిదాకా ఒకటే తీరు. విచ్చుకోవడం కాస్త తేలిక, వంగడం కష్టం. నువ్వు కొలిస్తే తిరగబడి వచ్చింది. మన కొలతలో విచ్చుకోవడానికి ఎనిమిది, వంగడానికి మూడు. కొత్త సెల్ కట్టావు. మూడే. ఉష్ణోగ్రత మార్చావు. మూడుకి అటూ ఇటూ. నెలరోజులు ఎవరికీ చెప్పలేదు నువ్వు. ఒకరోజు భోజనాల దగ్గర నా కంచంలోకి చూస్తూ, పుట్టుకతోనే వంగి ఉన్నదానికి వంపులో ఇబ్బందేముంటుందే అన్నావు. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

శుక్రవారం మీటింగుకి నువ్వు ఆరు అరటిపళ్ళు తెచ్చావు. బల్ల మీద ఒకదాని వెనక ఒకటి వంపుగా పేర్చి, చూడండి, ఈ వరసని వంచడానికి బలమెందుకు, అవే వంగి కూర్చుంటాయి అన్నావు. అందరూ నవ్వారు. ఎవరో ఒక పండు వలిచారు. ఇంకొకరు ఇంకొకటి. పెద్దాయన కూడా నవ్వి, బొమ్మ బాగుందమ్మా, అంకెలు తప్పయి ఉంటాయి, సెల్ సరిగ్గా కట్టి ఉండవు అన్నారు. సెల్ సరిగ్గా కట్టలేదని! నిన్ను! మీటింగ్ అయ్యేసరికి బల్ల మీద తొక్కలే మిగిలాయి. నువ్వు ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేశావు.

తర్వాత ఆయన నన్ను పిలిచి, నువ్వు విడిగా సెల్ కట్టి మళ్ళీ కొలువు అన్నారు. వారం తర్వాత నేను, వంగడానికి పదకొండు వచ్చింది అని చెప్పాను. నువ్వు నా ముఖంలోకి చూశావు. నీకు పదకొండు వచ్చిందంటే తప్పు నాదేలే అన్నావు. ఎంత తేలిగ్గా అన్నావు! రెండు నెలలకి గదిలో నీ మంచం ఖాళీ అయింది. అప్పటికే అన్నయ్య నిన్ను తప్ప ఇంకెవరినీ చేసుకోనని కూర్చున్నాడు కాబట్టి, పెళ్ళి కుదిరింది, చదువు మానేసింది అని అందరం అనుకున్నాం. ఇంట్లో ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటాం.

(ఇక్కడ ఆపి భోంచేసి వచ్చాను. ఎవరికే అంత పొడుగు ఉత్తరం, ప్రేమలేఖా అని అమ్మ అడిగింది. ఈ వయసులో నాకెవరు రాస్తారు, కోడలికి రాస్తున్నాను అన్నాను. అయితే ఈసారి నా మందుల చీటీ పోగొట్టకుండా తెమ్మని రాయి అంది. రాశాను.)

ఇప్పుడు అసలు కబురు.

జనవరిలో మా ల్యాబ్‌ని కొత్త భవనంలోకి మార్చారు. పాత గదిలో కిటికీ పక్కన, తేమ తగలకుండా సామాను దాచే పెద్ద గాజు జాడీ ఉండేది కదా, దాని మూత పదిహేనేళ్ళుగా ఎవరూ తియ్యలేదు. పట్టేసింది. గాజుపని చేసే మేస్త్రీ వచ్చి, వేడి గుడ్డ చుట్టి, బతిమాలి బతిమాలి ఊడదీశాడు. లోపల అడుగున నీ సీసా. దాని మీద నీ చేతిరాత, నిటారుగా, ఒక్క అక్షరం వంగకుండా. 98.4 డిగ్రీలు, జాగ్రత్త, అని.

ఆ పొడి కరిగి మబ్బుగా ఉండి, వేడి పెరిగితే ఏ డిగ్రీ దగ్గర తేటనీరులా అవుతుందో అది నువ్వు రాసిన అంకె. సరుకు పాడైతే ఆ అంకె బాగా దిగిపోతుంది. నేను చూస్తే 98.1 వచ్చింది. వదినా, ఇరవై రెండేళ్ళు ఆ జాడీ అడుగున ఎవరూ పలకరించకుండా కూర్చుని, మూడు పదోవంతులు మాత్రమే మారింది!

సెల్ నేనే కట్టాను. ఇప్పుడు కట్టిన సెల్‌లు కొనుక్కోవచ్చు, పిల్లలంతా అవే వాడతారు. నేను మఖమల్ గుడ్డ తెచ్చుకుని, తలుపు వేసుకుని రుద్దాను. ఏడు పారేశాను. ఎనిమిదోది రుద్దుతుంటే చప్పుడు మారింది. మారింది వదినా, నిజంగా. పొడిగా గరగరలాడేది ఒక్కసారి మెత్తబడి, నూలు జారినట్టు అయింది. యాభయ్యో పడిలో నా చెవికి వినబడింది.

నింపి, మైక్రోస్కోపు కింద పెట్టి, వేడి నెమ్మదిగా దించాను. మొదట అంతా నలుపు. తర్వాత నలుపులో ఒక చుక్క మెరిసింది, దాని పక్కన ఇంకొకటి. గుండ్రటి చినుకులు పుట్టుకొచ్చి, ఒకదాన్నొకటి తాకి కలిసిపోయి, చూస్తుండగానే తెర మొత్తం ఒకే రంగు, లేత బంగారం. అన్నీ ఒకే దిక్కుకి తిరిగాయి. ఎవరు చెప్పారు వాటికి? పాతికేళ్ళుగా చూస్తున్నదే. అయినా కన్ను పక్కకి తిప్పలేదు.

ఇక కరెంటు. వోల్టులో నూరో వంతు పెంచడం, ఐదు నిమిషాలు ఆగడం. మళ్ళీ నూరో వంతు, మళ్ళీ ఐదు నిమిషాలు. కొంతదాకా ఏమీ ఉండదు. ఎంత పెంచినా చలనం లేదు. దాన్ని మనం గడప అనేవాళ్ళం కదా, ఆ గడప దాకా అది బింకం వదలదు. గడప దాటిందో, కోట్ల కోట్ల అణువులు ఒక్కసారి లేవడం మొదలుపెడతాయి. ఆ గడప వోల్టు విచ్చుకునే బింకం చెబుతుంది. దాటాక ఎంత చురుగ్గా లేస్తాయో, అది వంగే బింకం చెబుతుంది. మామూలు పదార్థం అయితే బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. ఇది అలా లేవలేదు. గడప దాటీ దాటగానే బంగారం ఎరుపై, ఎరుపు నీలమై, నీలం ఆకుపచ్చై, రంగులు ఒకదాని మీద ఒకటి పరిగెత్తాయి. నేను పుస్తకంలో అంకె రాయడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత కరెంటు తీసేశాను. వెనక్కి రావాలి కదా. రావడానికి మాత్రం ఎంతసేపనుకున్నావు! మామూలు వాటికి పది రెట్లు. లేవడంలో అంత చురుకు, తిరిగి రావడంలో అంత తాపీ. నువ్వు అప్పట్లో చిక్కదనం కొలవకముందే వెళ్ళిపోయావు, ఈ సగం నువ్వు చూడలేదు. రంగులు ఒక్కొక్కటీ వచ్చిన దారినే వెనక్కి నడిచి, చిట్టచివరికి మళ్ళీ అదే లేత బంగారంలో నిలబడ్డాయి. గుళ్ళో నిలబడ్డట్టు అనిపించిందంటే నమ్ము. నేను దణ్ణాలు పెట్టే మనిషిని కాదని నీకు తెలుసు.

లెక్క కట్టాను. విచ్చుకోవడానికి 7.9. వంగడానికి 3.0.

గ్రాఫు తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు ఆయనకిప్పుడు. చెవికి మిషను, చేతికి కర్ర. భూతద్దంతో గ్రాఫు మొత్తం, అడుగున గీసిన గళ్ళతో సహా చూసి, నన్ను తీసుకెళ్ళు అన్నారు. కొత్త భవనం మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కారు. కళ్ళజోడు తీసి మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. నేను కరెంటు పెంచుతూ పోయాను. గడప దాటగానే ఆయన చెయ్యెత్తి, ఆగు అన్నారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశారు. మళ్ళీ మొదటినుంచి పెట్టు అన్నారు. మూడుసార్లు చూశారు. చివరికి, యాభై ఏళ్ళు ఈ కంతలోంచి చూశాను, ఇది మాత్రం చూడలేదు అన్నారు. లేస్తూ, ఆ అమ్మాయి అరటిపళ్ళు తెచ్చింది కదూ, నేనూ ఒకటి తిన్నాను అన్నారు. 

కిందికి దిగుతూ, మరి అప్పుడు నీకు పదకొండు ఎలా వచ్చింది అని అడిగారు. తెలీదు సార్ అన్నాను.

వ్యాసం రాస్తున్నాను. మొదటి పేరు నీది. నువ్వు సంతకం పెట్టాలి, నీ పాత నోటు పుస్తకం ఉంటే పంపాలి. అటకమీద పడేశానని అనకు, నువ్వు ఏదీ పడేసే మనిషివి కాదు. ఇరవై రెండో తారీఖు శనివారం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది. పిల్లని తీసుకుని రా. మైక్రోస్కోపు ముందు దాన్ని కూర్చోబెట్టి, కరెంటు మీట నీ చేతికిస్తాను. వాళ్ళమ్మ తుడిచిన గాజుముక్కల్లో ఏముందో దాని కళ్ళతో అది చూసుకుంటుంది.

అన్నయ్యకి నా నమస్కారాలు. పిల్లకి ముద్దులు. అమ్మ మందుల చీటీ మరిచిపోకు.

ఎప్పటికీ నీ రూమ్మేటూ, తర్వాతే ఆడపడుచూ అయిన
నేను


తాజా కలం, సోమవారం:

ఇది విడి కాగితం మీద రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు. పిల్లకివ్వాలో వద్దో తర్వాత నీ ఇష్టం.

నిన్ననే పోస్టు చెయ్యాల్సింది. కవరు అంటించి, మళ్ళీ చింపాను. ఇవాళ పొద్దున పెద్దాయన దగ్గరికి వెళ్ళి, తెలీదని మీతో అబద్ధం చెప్పాను సార్ అన్నాను. అంతా చెప్పాను.  ఈ మాట ఆ అమ్మాయికి చెప్పావా అని అడిగారు. లేదన్నాను. అయితే నా ముందెందుకు కూర్చున్నావు, వెళ్ళి రాయి అన్నారు.

వదినా, ఆ వారం నాకు పదకొండు రాలేదు.

మొదటి సెల్‌లో 3.1 వచ్చింది. నీలాగే నేనూ నమ్మలేదు. రెండోది కట్టాను, 2.9. మూడోదీ కట్టాను. 3.0. పదకొండు అనేది పాత పదార్థం ఒకదాని అంకె. పట్టికలోంచి చూసి రాశాను. నీకు పదకొండు వస్తే తప్పు నాదేలే అని నువ్వన్నప్పుడు నా పుస్తకంలో ఆ మూడు పేజీలూ అప్పటికింకా చింపలేదు.

పెద్దాయనకి భయపడ్డానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఫెలోషిప్ పొడిగించాల్సిన నెల అది, ఆయన సంతకం కావాలి, అదీ నిజమే. కానీ భయం ఒక్కటే అయితే తర్వాతైనా చెప్పేదాన్ని. అసలు సంగతి అసూయ. పక్క మంచం మీద పడుకునే మనిషికి అలాంటిది కనబడింది, నాకు కనబడలేదు. అన్నయ్య ఎలాగూ నిన్ను చేసుకుంటాడు, నువ్వు ఇంటికి వెళ్తావు, నేను ల్యాబ్‌లో ఉంటాను, ఇద్దరికీ చెరో చోటూ దొరుకుతుంది అని కూడా లెక్క వేసుకున్నాను. అలా లెక్క వేసిన చేత్తోనే నీ పెళ్ళిలో నీ జడ అల్లాను.

ఆ పదకొండు నా థీసిస్ పట్టికలో ఉంది. అది నేను కావాలని రాసిన తప్పని, నిజం అంకె ఇదని, ఇవాళ మధ్యాహ్నం విశ్వవిద్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. ఆ వ్యాసంలో నా పేరు ఉండాలా వద్దా అన్నది మాత్రం నీ ఇష్టం. నువ్వు వద్దంటే తీసేస్తాను. కారణం అడగను. ఇరవై రెండో తారీఖున నువ్వు రాకపోయినా ఎందుకని అడగను. అన్నయ్యకి చెప్పాలనుకుంటే చెప్పు.

క్షమించమని రాయడానికి కాగితం ఇంకా మిగిలే ఉంది గానీ, ఆ మాట రాయనంటోంది చెయ్యి. అది ఎదురుగా నిలబడి అడగాలి.

ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. ఆ మూడో సెల్‌లో గడప దాటగానే రంగులు పరిగెత్తాయి. నేను కరెంటు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చూశాను. అంత అందమైనది అంతకుముందు చూడలేదు, మొన్నటిదాకా మళ్ళీ చూడలేదు. ఇన్నేళ్ళూ నీ కళ్ళే నిన్ను మోసం చేశాయనుకుంటూ బతికావు. మోసం చెయ్యలేదు. నేనూ చూశాను.